మోకాళ్ల నొప్పులు మాన్పిన చక్రాలిల్లు

ఒక చక్రాల ఇంటికి దీపం పెట్టమని నన్ను పంపితే, దీపం పెట్టడంతో పాటు ఒక ఊరి ముసలివాళ్లందరి చేతా చిందులు వేయించి వచ్చాను. ఎవరి ప్రాణానికీ ముప్పు రాకపోవడం ఆ ఊరి గ్రామదేవత చలవే గాని, అందులో నా గొప్ప ఆవగింజంత కూడా లేదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే కథ ముగిసేసరికి మీరు నా మాట దేన్నీ నమ్మే స్థితిలో ఉండరు.

అరవైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నెల్లూరులో ఒక రేడియో మేస్త్రీ దగ్గర రెండేళ్లు పనిచేసి, వైర్‌మన్ పరీక్ష కూడా పాసయ్యాను. ఏమీ లేని విస్తరాకు ఎగిరెగిరి పడుతుందంటారు. సర్టిఫికెట్టు వడ్డించిన విస్తరాకు సంగతి చెప్పేవాళ్లెవరూ లేరు గాని, అది ఇంకా పైకి ఎగురుతుంది. చొక్కా జేబులో పెన్ను పెట్టుకోవలసిన చోట టెస్టరు పెట్టుకుని తిరిగేవాణ్ని. పెళ్లిచూపులకు కూడా దానితోనే వెళ్లాను. పిల్ల తండ్రి, "ఆ జేబులో ఏందబ్బాయ్, థర్మామీటరా?" అని అడిగాడు. ఆ సంబంధం కుదరలేదు. పోనివ్వండి, అది వేరే కథ.

ఒక ధర్మసంస్థవారు సముద్రపు ఒడ్డున ఉండే ఊళ్ల కోసం వైద్యపు వ్యాను ఒకటి తయారు చేయించారు. యుద్ధం నాటి మిలిటరీ లారీని వేలంలో కొని, దానిమీద చెక్కతో, రేకుతో ఒక ఇల్లే కట్టించారు. లోపల డాక్టరమ్మకూ నర్సమ్మకూ రెండు పడక బల్లలు, మందుల బీరువా, కిరసనాయిలు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, పైన ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు. ఎక్కడానికి ఇనుప మెట్లు, మెట్లకు ఇనుప కమ్మీ. జనం దాన్ని చక్రాలిల్లు అనేవాళ్లు. ఒక్కో ఊళ్లో వారం పది రోజులు మకాం పెట్టి, తర్వాత ఇంకో ఊరికి పోయేది. దాని కరెంటు బాగోగులు చూసే ఉద్యోగం నాది.

ఆ బండికి కరెంట్లు రెండు. దారిలో ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు, మకాం పెట్టినప్పుడు ఊళ్లో నుంచి తీగలు లాక్కుని తెచ్చుకునే లైను కరెంటు. ఇద్దరు పెళ్లాల మొగుడి కాపురంలాంటిది. రెండింటినీ బాగా తెలుసుకున్నవాడే నెగ్గుతాడు. నాకు రెండూ తెలుసునని నేను అనుకునేవాణ్ని. రెండూ తెలియవని డ్రైవరు మస్తాన్ అనుకునేవాడు.

మస్తానన్నకు యాభై ఏళ్లుంటాయి. లారీల కింద పడుకునే పెరిగినవాడు. ఇంజను దగ్గితే ఏ గొట్టంలో కఫం చేరిందో చెప్పేవాడు. మా మొదటి ప్రయాణం తోటపల్లి గూడూరు దాటి, సముద్రం వైపున్న ఒక పల్లెకు. సగం దారిలో బండికి పూనకం వచ్చింది. బ్రేకు నొక్కితే లోపల దీపం వెలుగుతోంది. హారను కొడితే అద్దం మీది వైపరు ఊగుతోంది. హెడ్‌లైట్లు వేస్తే హారను మూలుగుతోంది.

"రమణయ్యా, ఇది బాడీ తీగ జబ్బు," అన్నాడు మస్తానన్న బండి ఆపి. "బ్యాటరీ నుంచి బాడీకి పోయే పట్టా ఉండాది చూడు, దాని మొదట్లో తుప్పు పట్టి ఉంటాది. కరెంటుకు ఇంటికి పోయే దోవ తెలియక కనపడిన గుమ్మమల్లా ఎక్కుతుండాది. ఆ నట్టు ఇప్పి గీకు."

"అన్నా, నువ్వు స్టీరింగు తిప్పు. కరెంటు మాట నాకొదిలెయ్," అన్నాను టెస్టరు తీసి.

అతను ఒక తాటిచెట్టు నీడన కూర్చుని బీడీ ముట్టించాడు. నేను బల్బులు మార్చాను. ఫ్యూజులు మార్చాను. డాష్‌బోర్డు విప్పి, పేగులన్నీ బయటికి లాగి, మళ్లీ లోపలికి కుక్కాను. ఇప్పుడు కుడివైపు తిరిగే దీపం వేస్తే ఎడమవైపుది కూడా వెలుగుతోంది. లోపల నుంచి డాక్టరమ్మ గొంతు వినపడింది.

"రమణయ్యా, ఏమైనా తేలిందా?"

"తేలుతోందమ్మా. చాలా లోతైన సమస్య."

"లోతైనదైతే తేలడమెందుకయ్యా?"

మస్తానన్న మూడో బీడీ పారేసి లేచి వచ్చాడు. బ్యాటరీ పక్కనున్న పట్టా నట్టు విప్పాడు. అక్కడ పచ్చగా, బూజు పట్టిన నిమ్మకాయ పచ్చడిలాగా చిలుము. గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు. బ్రేకు నొక్కితే బ్రేకు దీపమే వెలిగింది. హారను కొడితే హారనే మోగింది.

"చూశావా," అన్నాను చేతులు దులుపుకుంటూ, "నేను వేసిన ఫ్యూజులు ఇప్పటికి కుదురుకున్నాయి."

మస్తానన్న నావైపు చూసిన చూపుకు బ్యాటరీ కూడా చల్లబడి ఉంటుంది. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది. కానీ బుద్ధి కూడా మా బండిలాంటిదే. తోస్తేగాని కదలదు.

సాయంత్రానికి పల్లె చేరాం. సరుగుడు తోట అంచున, బియ్యపు మిల్లు పక్కన బండి నిలబెట్టాం. మిల్లు యజమాని రెడ్డిగారు పెద్దమనసుతో, "మా మిల్లులోంచి కరెంటు తీసుకోండి," అన్నాడు. నేను తీగలు లాగాను. మూడు తీగలు ఉండాలి. ఒకటి కరెంటు వచ్చేది, ఒకటి పోయేది, మూడోది ఎర్తు. ఈ ఎర్తు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. దారితప్పి బండి రేకుల్లోకి దూరిన కరెంటును చెయ్యి పట్టుకుని భూదేవి ఒళ్లోకి పంపే తీగ అది. దానికి నడుము లోతు గుంత తవ్వి, అందులో ఇనుప గొట్టం దించి, చుట్టూ ఉప్పూ బొగ్గులూ పోసి, నీళ్లు పొయ్యాలి. మా మేస్త్రీ ఈ పాఠం నాకు మూడుసార్లు చెప్పాడు, రెండుసార్లు చెవి మెలిపెట్టి.

గడ్డపార చేతపట్టుకుని ఇసుకను చూశాను. ఒళ్లంతా చెమట. అప్పుడు నా మెదడులో ఒక దీపం వెలిగింది. ఆ దీపం ఫ్యూజు అప్పుడే పోయుంటే ఈ కథే లేదు.

'ఇన్ని టన్నుల బండి నేలమీదే కదా నిలబడింది! ఇంతకంటే పెద్ద ఎర్తు ప్రపంచంలో ఎక్కడుంది?'

బండికీ నేలకూ నడుమ లావుపాటి రబ్బరు టైర్లు ఉన్నాయన్న సంగతి, రబ్బరులో కరెంటు పారదన్న సంగతి, రెండూ నాకు తెలుసు. కానీ ఒకేసారి గుర్తుకు రాలేదు. మిగిలిపోయిన రాగి తీగను బండి వెనక కొక్కేనికీ సరుగుడు చెట్టుకూ కట్టి, బట్టలారేసుకునే దండెం చేశాను.

"భలే పనిచేశావయ్యా," అన్నది డాక్టరమ్మ. ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మకాంలో అదే ఆఖరు కూడా.

మర్నాడు తెల్లారేసరికి సన్నగా జల్లు పడి వెలిసింది. ఇసుకంతా తడి. మొదటి రోగి పోలమ్మ అనే ముసలమ్మ. చేపల గంప నెత్తిన మోసి మోసి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. కర్ర ఊనుకుంటూ వచ్చి, మెట్టు కింద నిలబడి, ఇనుప కమ్మీ పట్టుకుంది.

"అమ్మో!"

ఎగిరి రెండడుగులు వెనక్కి పడింది. కర్ర ఎటో పోయింది. నేను పరుగెత్తాను.

"ఏమైంది అవ్వా?"

"జిల్లుమన్నాది నాయనా! అరిచేతిలోంచి పోయి మోకాలి చిప్పలో దిగినాది!" అంటూ కాలు ఒకసారి విదిలించింది. మళ్లీ విదిలించింది. ముఖం చేటంత అయింది. "ఒరే నాయనా, నొప్పి పోయినాది!"

ఈ మాట అంటూ, నేను వారించేలోపల, మళ్లీ వెళ్లి రెండో కాలు కోసం రెండో చేత్తో పట్టుకుంది.

ఆమె లోపలికి పోలేదు. కర్ర కూడా తీసుకోకుండా ఊళ్లోకి పోయింది. నేను టెస్టరు కమ్మీకి ఆనించాను. అందులో దీపం మిణుగురులా వెలిగింది. పైకప్పు కింద నేను వేసిన అతుకు ఒకటుంది. టేపు పొదుపుగా, పిసినారి పెళ్లిలో నెయ్యి వడ్డించినట్టు చుట్టాను. ఉప్పుగాలికి అది చెమ్మ పట్టి, కొంచెం కొంచెంగా కరెంటును రేకులోకి కారబెడుతోంది. పోదామంటే దానికి నేలలోకి దోవ లేదు. అందుకని ఎవరు ముట్టుకుంటే వాళ్లలోంచే పోతోంది.

అప్పుడే మిల్లుకు పోయి స్విచ్చి ఆపాలి. ఆపితే డాక్టరమ్మ ఎందుకని అడుగుతుంది. అడిగితే గుంత సంగతి చెప్పాలి. చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇంత లెక్క వేసుకునేలోపల పోలమ్మ తిరిగి వచ్చింది. ఈసారి ఆమె వెనక ఊళ్లోని కీళ్లనొప్పులన్నీ నడిచి వచ్చాయి.

"ఈ కమ్మీనే. ఒక్కొక్కరే పట్టుకోండి. తోసుకోబాకండి," అని పోలమ్మ అజమాయిషీ మొదలుపెట్టింది.

ఒకడు పట్టుకుని "అయ్యో" అన్నాడు. ఒకామె "అబ్బబ్బ" అంది. ఒక తాత పట్టుకుని, ఏమీ అనకుండా గాల్లోనే చిన్న గంతు వేసి, దిగి, "ఇంకోసారి," అన్నాడు. నడుంనొప్పివాళ్లు కమ్మీకి నడుం ఆనించారు. పంటినొప్పి ఉన్న మనిషొకడు పన్నే ఆనించబోతే మస్తానన్న మెడ పట్టుకుని లాగాడు. రెడ్డిగారు కూడా వచ్చాడు. "నాకేం నొప్పులు లేవు. ఊరికే, ఏందో చూద్దామని," అని ఒకసారి పట్టుకున్నాడు. కాసేపాగి మళ్లీ చూద్దామని వచ్చాడు. మూడోసారి ఏ సాకూ చెప్పకుండానే వచ్చి వరసలో నిలబడ్డాడు.

మస్తానన్న నన్ను పక్కకు లాగాడు. అతని కాళ్లకు టైరు చెప్పులు. అందుకే ఇంతసేపూ అతనికి జిల్లు తగల్లేదు.

"రమణయ్యా, బండి కరుస్తా ఉండాది."

"కరవడం కాదన్నా. చిన్నగా గిల్లుతోంది."

"ఎర్తు గుంత యాడ తవ్వినావు?"

"తవ్వుతాను."

"తవ్వినావా అంటే తవ్వుతాననే వాణ్ని నిన్నే చూసినా. పోయి ఆపు. లేదంటే నేనే పోయి అమ్మకు చెబుతా."

"ఒక్క గంట టైమియ్యి అన్నా! మధ్యాహ్నం జనం భోజనాలకు పోగానే ఆపేసి, ఎవరికీ తెలియకుండా తవ్వేస్తాను."

ఇంతలో లోపల నుంచి పిలుపు. డాక్టరమ్మ రబ్బరు చెప్పులు వేసుకుని, చెక్క నేలమీద, పొద్దున్నుంచీ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉంది. చెక్కా రబ్బరూ పుణ్యమా అని, ఆమెకూ నర్సమ్మకూ ఏ జిల్లూ తగల్లేదు.

"రమణయ్యా, బయట తిరనాళ్లలాగా జనం ఉన్నారు. లోపలికి ఒక్కరూ రారేం?"

"వాళ్లు... మెట్టుకు మొక్కి పోతున్నారమ్మా."

"మెట్టుకెందుకు మొక్కడం?"

"భక్తి అమ్మా. సముద్రం ఒడ్డువాళ్లు కదా."

ఈ మాటకూ ఆ మాటకూ పొత్తేమిటని ఆమె అడగలేదు. బల్లమీద వరసగా పేర్చిన మందు సీసాల వైపు చూస్తూ, "ఎన్నాళ్లనుంచో ఈ ఊళ్లకు రావాలని అనుకున్నానయ్యా. నా వైద్యం మీద వీళ్లకు నమ్మకం లేదేమో," అంది మెల్లగా.

ఇప్పటిదాకా నవ్వుతున్న మిమ్మల్ని ఒక్క క్షణం ఆగమంటాను. ఎందుకంటే అక్కడ నేనూ ఆగిపోయాను. బండిలో కారుతున్న కరెంటు అప్పుడు నాకు తగిలింది, చెప్పులుండగానే.

నేను బయటికి వచ్చేసరికి వరస మొదట్లో పోలమ్మ, ఆమె పక్కన నిండు చూలాలైన ఆమె మనవరాలు. డాక్టరమ్మ చెయ్యి కడుక్కున్న నీళ్లు గొట్టంలోంచి పడి మెట్టు కింద మడుగు కట్టాయి. ఆ పిల్ల సరిగ్గా ఆ నీళ్లలో ఒట్టి కాళ్లతో నిలబడి ఉంది.

"పట్టుకోమ్మా," అంటోంది పోలమ్మ. "ఒక్కసారి పట్టుకుంటే కాన్పు నీళ్లు తాగినట్టు అయిపోతాది."

ఆ పిల్ల చెయ్యి చాపింది.

"వద్దు!" అని అరిచి నేను మెట్లమీద నుంచి దూకాను. దూకిన ఊపులో చెప్పులు రెండూ రెండు దిక్కులకు పోయాయి. ఆమె కమ్మీ ముట్టుకోకుండా అడ్డం నిలబడాలని నా ఆలోచన. నిలబడ్డాను కూడా. ఆ మడుగులో, ఒట్టి కాళ్లతో, పడిపోకుండా రెండు చేతులతో కమ్మీ పట్టుకుని.

పొద్దున్నుంచీ ఇసుకమీద నిలబడినవాళ్లకు అందింది చిల్లర. నాకు అందింది మొత్తం మూట. నా పళ్లు వాటంతట అవి తాళం వేశాయి. కాళ్లు నాకు చెప్పకుండా ఆడాయి. నా నోట్లోంచి వచ్చిన కేకకు సరుగుడు తోటలో కాకులు లేచిపోయాయి. నా మొదటి అరుపుకే మిల్లులోకి పరుగెత్తిన మస్తానన్న స్విచ్చి లాగేశాడు. నేను మడుగులో కూలబడ్డాను.

"చూసినారా!" అంది పోలమ్మ జనంతో, కళ్లు పెద్దవి చేసి. "ఈ అబ్బాయికి ఎన్ని నొప్పులున్నాయో పాపం!"

డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. నా నాడి చూసింది. ఊపిరి చూసింది. బతుకుతానని రూఢి చేసుకున్నాకే అడిగింది.

"ఎర్తు తీగ ఏది?"

నేను వెనకవైపు చూశాను. ఆమె కూడా చూసింది. మెరిసే రాగి తీగమీద ఆమె తెల్లచీరలు రెండూ గాలికి ఊగుతున్నాయి.

"మెడికల్ కాలేజీలో ఎక్స్‌రే మిషను ముట్టుకోబోయే ముందు మాకు నేర్పిన మొదటి పాఠం అదేనయ్యా," అంది ఆమె గొంతు పెంచకుండా. "ఇది నవ్వులాట కాదు. ఇంతమంది ముసలివాళ్లలో ఒక్కరి గుండె బలహీనంగా ఉన్నా, ఆ పిల్ల ఆ నీళ్లలో ఆ కమ్మీ పట్టుకున్నా, ఏం సమాధానం చెప్పేవాడివి? నీ తప్పు నువ్వే బయటపెట్టి అడ్డం దూకావు గనక ఇవాళ ఉద్యోగం తియ్యను. తవ్వు."

తవ్వాను. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా. నడుము లోతని మేస్త్రీ చెప్పాడు. మస్తానన్న మాత్రం గట్టున కూర్చుని, "ఇంకొంచెం," "ఇంకొంచెం," అంటూ గొంతు లోతుదాకా తవ్వించాడు. గొట్టం దించాను. ఉప్పు పోశాను, బొగ్గులు పోశాను. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఉప్పు మరచినవాడు నీళ్లు మొయ్యక తప్పదు. పన్నెండు బిందెలు మోశాను. అతుకు విప్పి, ఈసారి బాలింత నడుముకు గుడ్డ చుట్టినట్టు టేపు చుట్టాను. దండెం విప్పి ఎర్తుకు కట్టాను. కరెంటు వేసి టెస్టరు పెట్టి చూస్తే దీపం లేదు. కమ్మీ పట్టుకున్నాను. గంగిగోవు.

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కానీ పోలమ్మ వచ్చి కమ్మీ పట్టుకుంది. వదిలింది. మళ్లీ పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుని ఊపింది.

"శక్తి పోయినాది!" అని కేక పెట్టింది.

జనం మూగారు. అందరూ పట్టుకు చూశారు. ఏమీ లేదు. అప్పుడు పోలమ్మ చూపు గుంతమీద పడింది. ఉప్పు. బొగ్గులు. పాతిపెట్టిన ఇనుప గొట్టం. దానికి చుట్టిన రాగి తీగ. మసి, మట్టి పూసుకుని పక్కనే నిలబడిన నేను.

"ఇదిగో వీడే! చేతబడి చేసినాడు!"

"ఏందయ్యా ఇది? మా కళ్లెదుటే ఇంత పని చేస్తావా?" అన్నాడు గంతు వేసిన తాత.

"చేతబడి కాదు తాతా, ఎర్తు!"

"ఎవరు నేర్పినారు నీకు ఈ ఎర్తు?"

"మా మేస్త్రీ."

"మలయాళం మంత్రగాడా?"

రెడ్డిగారు అక్షరం ముక్క తెలిసిన మనిషి కదా, ఆదుకుంటాడని ఆయనవైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "తీసేదేదో సాయంత్రం తీసుండొచ్చు గదబ్బాయ్," అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ మెట్టుమీదకు వచ్చింది. జనం సద్దుమణిగారు.

"శక్తి ఎక్కడికీ పోలేదు," అంది. "బయట ఉంటే వానకు తడుస్తుందని లోపల పెట్టించాను. కావలసినవాళ్లు లోపలికి రండి. నొప్పి ఎక్కడో, ఎన్నాళ్లనుంచో నాకు చెప్పాలి. కడుపుతో ఉన్న అమ్మాయిని ముందు రానివ్వండి."

మనవరాలు మొదట పోయింది. తర్వాత పోలమ్మ పోయింది. పోలమ్మకు ఒక సూది మందు పడింది. "అబ్బా!" అని లోపల నుంచి కేక వినపడగానే బయట జనం ముఖాలు విప్పారాయి. ఆమె తొడ రుద్దుకుంటూ దిగి వచ్చి, "కమ్మీది ఒట్టి గిల్లుడే. అసలు శక్తి ఈ తల్లి చేతిలో ఉండాది!" అని తీర్పు చెప్పింది. ఆ రోజూ, ఆ తర్వాత మేమున్న పది రోజులూ డాక్టరమ్మకు అన్నం తినడానికి తీరిక దొరకలేదు. అలసిపోయి కూడా ఆమె నవ్వుతుంటే చూడాలి. ఆ నవ్వు చూసి నేను సంతోషించినంతగా, నా సర్టిఫికెట్టు చూసి కూడా ఎన్నడూ సంతోషించలేదు.

మేము బయలుదేరే రోజు పొద్దున నేను తీగలు చుట్టుకుంటుంటే పోలమ్మ వచ్చింది. ఎండుచేపల పొట్లం నా చేతిలో పెట్టింది. అటూ ఇటూ చూసి, డాక్టరమ్మ లోపలే ఉందని నిర్ధారించుకుని, నా చెవిదగ్గర వంగింది.

"నాయనా, సూది మంచిదే, కాదనను. అయితే మళ్లీ ఈ ఊరికి వచ్చినప్పుడు మాత్రం, నీ కాళ్లు పట్టుకుంటా, ఆ గుంత తవ్వబాక."

అందువల్ల, ఉప్పు సాక్షిగా, బొగ్గుల సాక్షిగా, నేను మోసిన పన్నెండు బిందెల సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. చక్రాలున్న ఇల్లయినా, చక్రాల్లేని ఇల్లయినా, ముందు గుంత, తర్వాతే దీపం. ఏ ముసలమ్మ ఎన్ని ఎండుచేపలు తెచ్చి బతిమాలినా సరే, ఈ జన్మలో ఇంకెవ్వరి మోకాళ్ల నొప్పులూ మాన్పను.